“మారినావా?” అని ఎన్నాళ్లకొకసారి అడగాలి

నా ఉద్యోగంలో సగం కాలం రోగుల్ని చూసుకోవడంలో గడిచింది. మిగతా సగం నర్సుల్ని తయారుచేయడంలో గడిచింది. మొదటి పని గురించి ఏం అడిగినా తడుముకోకుండా చెప్తాను. జ్వరం చూడాల్సింది ఎప్పుడు, కట్టు మార్చాల్సింది ఎప్పుడు, కాన్పయిన మనిషి పక్కనుంచి ఎంతసేపటిదాకా కదలకూడదు, ఇవన్నీ ఇప్పటికీ నోటికి వచ్చు. రెండో పని దగ్గరే చిక్కు.

నర్సింగు స్కూళ్లలో ట్యూటర్లుగా చేరుతున్న అమ్మాయిలు కొందరు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తారు. వాళ్ల స్కూళ్లలో ప్రతి విద్యార్థినీ తనలో ఏం బాగుచేసుకోవాలో చెప్పుకోవాలట, దాన్ని వీళ్లు తరచూ సమీక్షించాలట. “ఎన్నాళ్లకొకసారి చూడమంటారు మేడం?” అని అడుగుతారు. నేను కాఫీ పెట్టే మిషతో లోపలికి పోతాను. నాకు జవాబు తెలియదు. తెలిసిందనుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి దాన్ని తలకిందులు చేశారు. అలా చేసినవాళ్లలో ముఖ్యులు ఇద్దరు, రత్న, సరోజ. వాళ్లకు ఏం జరిగిందో చెప్తాను. ఇందులోంచి మీకేమైనా సూత్రం దొరికితే నాకూ చెప్పండి.

మేట్రనమ్మ శనివారాలు

డెబ్బైల మొదట్లో మదనపల్లెలో ఒక ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న నర్సుల ట్రైనింగు స్కూల్లో నేను ట్యూటరుగా చేరాను. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలకు రెండేళ్లు పని నేర్పి, ఆరోగ్య కేంద్రాలకు పంపేవాళ్లం. స్కూలుకు పెద్ద మా మేట్రన్ అరుళమ్మ. పిల్లలంతా మేట్రనమ్మ అనేవాళ్లు. మనిషి గట్టిది, న్యాయం తప్పేది కాదు. తెల్ల చీర మీద మడత తప్ప ముడత చూసినవాళ్లు లేరు.

ఆమె పెట్టిన పద్ధతి ఒకటుండేది. చేరిన మొదటి వారంలోనే ప్రతి పిల్లా తనలో మార్చుకోవాల్సింది ఒక్కటి చెప్పాలి. చదువుకు సంబంధించింది కాదు, మనిషికి సంబంధించింది. ఇక ప్రతి శనివారం మధ్యాహ్నం అందరి ముందూ లేచి నిలబడి, అది ఎంతవరకు వచ్చిందో చెప్పుకోవాలి.

నేను కొత్తలో అడిగాను. “ఇంత తరచుగా ఎందుకమ్మా?”

“జ్వరం రోజుకు ఎన్నిసార్లు చూస్తాం? మనిషి గుణం ఏడాదికొకసారి చూస్తే సరిపోతుందా?” అందామె. నాకు సబబుగానే తోచింది.

రత్న అసలు పేరు మునిరత్నమ్మ. బైరెడ్డిపల్లె దగ్గర మెట్ట సేద్యం చేసుకునే ఇంటి పిల్ల. చేతిపని చక్కగా ఉండేది. సూది వేస్తే పసిబిడ్డ కూడా ఆలస్యంగా ఏడ్చేది. కానీ డాక్టరు రౌండ్సుకు వచ్చి ఒక మాట అడిగితే చాలు, గొంతు పెగిలేది కాదు. జవాబు తెలిసి కూడా నిలువునా వణికేది. మేట్రనమ్మ అడిగినప్పుడు, “నాకు బయం పోవాలమ్మా” అని చెప్పుకుంది.

సరోజది నిమ్మనపల్లె వైపు. గొర్రెలూ కాస్త చేనూ ఉన్న కుటుంబం. ఆమెకు దేనికీ భయం లేదు, నోటికి అదుపు లేదు. “నా నోరు తగ్గించుకోవాల” అని తనే చెప్పింది. పిల్లలంతా పకపకా నవ్వారు.

శనివారాలు మొదలయ్యాయి. సరోజ లేచిందంటే ఆ వారమంతా హరికథలా వినిపించేది. “మంగళవారం వార్డు ఆయమ్మ నామీద నీళ్లు పోసినా పల్లెత్తు మాట అనలేదమ్మా. బేస్తవారం మాత్రం రోంత అన్నా” అని లెక్కంతా ఒప్పజెప్పేది. మేట్రనమ్మ తృప్తిగా తలూపేది. నేను వార్డులో గమనించింది వేరు. శుక్ర, శనివారాల్లో సరోజ నోట్లో బెల్లం ఉన్నట్టే ఉండేది. సోమవారం మళ్లీ మామూలే. అయినా మొత్తం మీద తగ్గిన మాట నిజం.

రత్న లేచి, “ఇంకా లేదమ్మా” అని కూర్చునేది. తర్వాతి వారమూ అదే. ఆ తర్వాతి వారమూ అదే. మెల్లగా శుక్రవారం నుంచే అన్నం మానేసింది. ఒక శనివారం ఎక్కడా కనిపించలేదు. వెతికితే దుప్పట్లు పెట్టే గదిలో బీరువా వెనక కూర్చుని ఉంది. అడిగేకొద్దీ భయం పోవడం మాట అటుంచి, శనివారం అనే కొత్త భయం ఒకటి చేరింది.

ఆ నెలలోనే వాళ్ల నాయన వచ్చాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని ఆఫీసు గది గుమ్మం బయటే నిలబడ్డాడు.

“మా పాప పనికి రాదంటనే గదమ్మా. మీరు చెప్పలేక ఉండారేమో. నేను పిలుచుకొని పోతాను.”

“పనికి రాదని ఎవరన్నారప్పా?”

“దానికే తెలస్తాండాది. వారవారం అడిగితే వారవారం లేదనే చెప్తాండాదంట.”

ఆయన్ని కూర్చోబెట్టి నేను మేట్రనమ్మ దగ్గరికి పోయాను. ఈ పిల్లను కొన్నాళ్లు అడగకుండా వదిలేద్దామని బతిమాలాను. ఆమె కోప్పడుతుందనుకున్నాను. కోప్పడకుండా “సరే. ఈ పిల్లనూ, ఆ నోటి పిల్లనూ ఇద్దర్నీ నువ్వే చూసుకో. మూడు నెలలకొకసారి అడుగుతావో, అసలు అడగవో నీ ఇష్టం. ఏం జరుగుతుందో నాకూ చూడాలని ఉంది” అంది. పెద్ద ఉద్యోగంలో ఉండి తన పద్ధతిని పక్కన పెట్టి చూడగలిగినవాళ్లను ఆ తర్వాత నేను ఎక్కువమందిని చూడలేదు.

నా పద్ధతి

రత్నను అడగడం మానేశాను, సరోజకు మూడు నెలలకొకసారి అడుగుతానని చెప్పాను. రత్న అన్నం తినడం మొదలుపెట్టింది. శనివారాలు మాయమయ్యాయి. డాక్టరు ముందు ఇంకా వణికేది గానీ, దాక్కునేది కాదు. వాళ్ల నాయన ఈసారి వచ్చినప్పుడు ఒక సంచి నిండా అలసంద కాయలు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయాడు. నేను పెద్ద రహస్యం కనిపెట్టినట్టు సంబరపడ్డాను. మొక్క నాటి రోజూ పీకి వేరు చూస్తే ఎట్లా బతుకుతుంది అని తోటి ట్యూటర్లతో గొప్పగా అనేదాన్ని.

ఆ గొప్ప ఎన్నాళ్లో నిలవలేదు. ఒక ఉదయం కాన్పుల వార్డులో పెద్ద గలాటా. తొలికాన్పు పిల్ల ఒకతె నొప్పులకు ఓర్చుకోలేక కేకలు పెడుతోంది. సరోజ ఆ పిల్లను నోటికొచ్చినట్టు తిట్టింది. ఏం తిట్టిందో రాయను. ఆడమనిషిని ఆ స్థితిలో అనకూడని మాటలు. బిడ్డ పుట్టింది, కుట్లు వేశారు. కానీ ఆ తల్లి సిగ్గుతో మర్నాడు ఎవరికీ చెప్పకుండా పచ్చి కుట్లతో బిడ్డను ఎత్తుకుని ఇంటికి నడిచిపోయింది. మేము మనిషిని పంపి వెనక్కి పిలిపించేసరికి కుట్లకు చీము పట్టింది. కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది.

సరోజను పిలిచి కూర్చోబెట్టాను. “ఎందుకిట్లా చేసినావు? తగ్గించుకుంటానంటివే?”

ఏడుస్తుందనుకున్నాను. నామీదే ఎదురుతిరిగింది.

“మీరు అడగలేదు గదక్కా! మేట్రనమ్మ అడిగేటప్పుడు శనివారం వస్తాండాదే, ఏం చెప్పాలబ్బా అని నోరు పట్టుకునేదాన్ని. మీరు మూడు నెలలన్నారు. మూడు నెలలంటే ఎవురికి గుర్తుంటాది?”

ఆ మాట అంత మొరటుగా అన్నా, అందులో అబద్ధం లేదు. మేట్రనమ్మకు జరిగింది చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. శనివారం సరోజను మళ్లీ లేపింది. రత్నను లేపలేదు.

సరే, తేలిపోయింది అనుకున్నాను. కొందరిని తరచుగా అడగాలి, కొందరిని అడగకూడదు. ఎవరు ఏ రకమో పోల్చుకోగలిగితే చాలు. ఇప్పుడు చాలామంది ట్యూటర్లు ఇక్కడే ఆగిపోతారు. నన్ను కూడా ఇక్కడే ఆగనిచ్చి ఉంటే హాయిగా ఉండేది.

పుంగనూరులో ఒక మంగళవారం

కొన్నేళ్లకు నేను ప్రభుత్వ ఉద్యోగంలోకి మారి పుంగనూరు ప్రాంతపు పల్లెల్లో నర్సుల పని చూసే సూపర్వైజరునయ్యాను. అప్పటికే రత్న అక్కడ నర్సుగా ఉంది. నన్ను చూసి సంతోషించింది. నేను ఆమెను పని గురించే అడిగేదాన్ని. ‘భయం’ అన్న మాట పొరపాటున కూడా ఎత్తేదాన్ని కాదు. ఆ పిల్ల మీద దయ చూపుతున్నాననుకున్నాను.

ఒకరోజు ఇద్దరం కలిసి బాగా భూములున్న ఒక రైతు ఇంటికి పోయాము. కోడలికి కాన్పయి కొంచెంసేపయింది, మాయ కూడా పడింది, కానీ రక్తం ఆగడం లేదు. ఇంజెక్షను ఇచ్చాను. పొట్ట మీద చెయ్యి పెట్టి గర్భసంచిని రుద్దుతూ ఉంటే గట్టిపడుతోంది, చెయ్యి తీస్తే మెత్తబడుతోంది. మదనపల్లెకు తీసుకుపోయి రక్తం ఎక్కించాలి. నేను చెయ్యి తీసే వీలు లేదు.

“రత్నా, బయటికి పో. బండి కావాలని చెప్పు” అన్నాను. పంపుతున్నది ఎవరినో అప్పుడు గుర్తొచ్చింది. కానీ వేరే దారి లేదు.

వాకిట్లో ఇంటి పెద్దాయన నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ట్రాక్టరు ఎదురుగానే ఉంది. గోడ ఇవతలనుంచి నాకు మాటలు వినిపిస్తున్నాయి.

“అప్పా, బండి కావాల. మదనపల్లెకు పోవాల.”

“ఈ పొద్దు మంగళవారం. బాలింతను గడప దాటించేది లేదు మా ఇంట్లో. తెల్లారినాక సూద్దాం.”

“రక్తం పోతాండాది. బండి కావాలప్పా.”

“పచ్చి ఒళ్లు, రోంత పోతాది. మా ఆడోళ్లకు కాన్పులు కాలేదా? నువ్వు పసిదానివి, నీకేం తెలుసు?”

“బండి కావాలప్పా.”

ఇంకెవరో గట్టిగా అరిచారు. మగగొంతులు కలిశాయి. వాటి మధ్యలో రత్న గొంతు హెచ్చలేదు, తగ్గలేదు. ఆగిన చోటల్లా మళ్లీ “బండి కావాలప్పా” అనే వినపడింది. నా చెయ్యి తిమ్మిరెక్కుతోంది. కోడలి పెదాలు తెల్లబడుతున్నాయి. ఇక ఆ గొంతు ఆగిపోతుందని నేను ఎదురుచూస్తున్నాను.

చివరికి ఒక ఆడగొంతు లేచింది. పెద్దాయన భార్య. “తీయించు సామీ ట్రాక్టరు! ఆ బిడ్డ కండ్లల్లో నీళ్లు కారతాండాయి, అయినా పక్కకు పోలేదు సూడు. వూరికే అడుగుతాదా?”

ట్రాలీలో గడ్డి పరిచి పడుకోబెట్టాం. దారి పొడుగునా ఇద్దరం మార్చి మార్చి పొట్ట మీద చెయ్యి పెట్టాము. ఆ పిల్ల బతికింది. బిడ్డా బాగుంది.

ఆసుపత్రి వరండాలో టీ తాగుతూ కూర్చున్నప్పుడు ఇక ఉండబట్టలేక అడిగాను. “రత్నా, నీ భయం పోయినట్టేనా?”

“యాడ పోయిందక్కా? ఆయప్ప కొడతాడేమో అనుకున్నా.”

“మరి అంతసేపు ఎట్లా నిలబడినావు?”

“తెలీదు. ఇంకో మాట గుర్తుకు రాలేదు. అదే మాట చెప్తాంటి.”

నవ్వాను. ఆమె నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టి, “అక్కా, ఒకటి చెప్తే ఏమీ అనుకోకూడదు” అంది.

“చెప్పు.”

“స్కూల్లో మీరు నన్ను అడగడం మానుకొన్నారే, అప్పుడు నాకు శానా బాధయింది. శనివారం అంటే బయమే. అయినా ఈ పిల్ల మారతాదేమోనని ఒకరు అడుగుతాండారు గదా అని ఉండేది. మీరు అడగకుండా పోయేసరికి, ఇది ఇంతే, దీన్ని వదిలేసినారు అనుకుంటి. ఈడికొచ్చినాక కూడా మీరు ఒక్కసారీ అడగలేదు.”

ఆమె అన్నం తినడం మొదలుపెట్టింది నాకు గుర్తుంది. తండ్రి తెచ్చిన అలసంద కాయలు గుర్తున్నాయి. అవన్నీ చూసి నా పద్ధతి ఫలించిందనుకున్నాను. అదే సమయంలో ఆ పిల్ల లోపల తనను వదిలేశారని బాధపడుతోంది. రెండూ నిజమే అయితే నేను చేసింది మంచా చెడా? అడిగితే దాక్కుంది. అడగకపోతే నొచ్చుకుంది. ఎవరూ అడగని మంగళవారం నాడు ఏడుస్తూనే నిలబడింది. పైగా భయం పోలేదంటోంది. భయం పోవడమే కొలత అయితే, ఆ రోజు కూడా మేట్రనమ్మ ముందు ఆమె చెప్పగలిగింది “ఇంకా లేదమ్మా” అనే.

ఎందుకు శనివారం

ఆ అయోమయం తీర్చుకుందామని రిటైరైన మేట్రనమ్మను వెతుక్కుంటూ పోయాను. మదనపల్లెలోనే చిన్న ఇల్లు. ముడత లేని తెల్ల చీరే. రత్న సంగతంతా చెప్పి, “అసలు వారానికొకసారి అని మీరు ఎట్లా నిర్ణయించినారమ్మా? ఏదైనా పుస్తకంలో ఉందా?” అని అడిగాను.

“శనివారం మధ్యాహ్నం డాక్టర్లు రౌండ్సుకు వచ్చేవాళ్లు కాదు. పిల్లలంతా ఒకచోట దొరికేది అప్పుడే” అంది.

“అంతేనా?”

“అంతే. ఇంకేమనుకున్నావు?”

ఇన్నేళ్లూ నేను తర్కించింది దేని మీదో తలచుకుని నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఆమె మాత్రం తీరిగ్గా కాఫీ ఇచ్చి, “నీ సంగతేమిటి? నువ్వేం మార్చుకోవాలనుకున్నావో నాకెప్పుడూ చెప్పలేదు” అంది. నిజమే. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే పూర్తిగా వినే గుణం నాకు లేదు, మధ్యలో అందుకుంటాను. అది మార్చుకోవాలని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే అనుకున్నాను. ఎప్పుడైనా వెనక్కి తిరిగి చూసుకున్నానా అంటే లేదు. ఆ మాటే చెప్పబోతూ ఆమె ఇంకేదో అంటుంటే అడ్డుపడ్డాను.

ఇక్కడ ఒకటి మాత్రం కచ్చితంగా చెప్పగలను. అడిగేవాళ్లు తమను తాము కూడా ప్రశ్నించుకోకపోతే, పిల్లలకు ఆ సంగతి ఇట్టే తెలిసిపోతుంది. అంతకు మించి ఏదీ కచ్చితంగా చెప్పలేను.

కుప్పంలో సరోజ

ఎనభైలలో నన్ను కుప్పం వేశారు. ఒక గదిలో తెలుగు, పక్క గదిలో తమిళం, వరండాలో కన్నడం వినపడే ఆసుపత్రి. సరోజ నాకంటే ముందే అక్కడ స్టాఫులో ఉంది. అప్పటికి ఆమె ఇద్దరు పిల్లల తల్లి. మనిషి అదే, గొంతు మాత్రం మారింది. రోగులతో ఎంత మెల్లగా మాట్లాడేదంటే, నేను మొదటివారం వేరే ఎవరో అనుకున్నాను. ఎట్లా మారిందో, ఎవరు అడిగి మార్చారో నాకు తెలియదు.

ఒక మధ్యాహ్నం బాలింతల వార్డు నుంచి ఒక్కసారిగా పాత సరోజ గొంతు వినిపించింది. గోడలు అదిరాయి. కాసేపటికి గంగవరం దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దామె రుసరుసలాడుతూ నా గదిలోకి వచ్చింది. అప్పుడే కాన్పయిన కోడలికి తోడు వచ్చిన అత్త ఆమె.

“మీ నర్సమ్మ నన్ను అందరి ముందర ఎంత మాటంటే అంత మాట అనేసిందమ్మా. నేనేం చేసినాను? పచ్చి బాలింత నీళ్లు తాగితే ఒళ్లు ఉబ్బుతాది. మా యత్త నాకు నీళ్లు ఈల్యా, నేను దానికి ఈల్యా. అది తప్పా?”

సర్దిచెప్పి పంపించాను. తర్వాత సరోజ వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. కుర్చీలో కూలబడింది.

“అరిచేసినా అక్కా.”

“విన్నాను. అయినా ఆమె చేసింది...”

“నన్ను చెప్పనీ అక్కా. మీరు ఎప్పుడూ ఇంతే, మధ్యలో అందుకుంటారు.” నేను నోరు మూసుకున్నాను. “ఆ పిల్లకు జరం కాస్తాండాది. పెదాలు పగిలి రక్తం వస్తాండాది. చెంబు మంచం కింద దాచిపెట్టి పైన కూర్చోనుంది ఆ ముసలామె. మొదట మెల్లగానే చెప్పినా. యింటేనా? అరిచినా. అరిస్తే ఇచ్చింది. ఎన్నాళ్లయిందో ఇట్లా అరిచి. మదనపల్లె ఇడిసినాక కూడా శనివారమయితే నాకు నేనే చెప్పుకుంటా, ఈ వారం ఎవురినీ అనలేదు అని. ఇంట్లో పిల్లోళ్లను కూడా. ఇప్పుడు ఈ వారం ఏమని చెప్పుకునేది? ఇది తప్పులోకి వస్తాదా, రాదా?”

ఆమె నిజంగానే అడుగుతోంది. నేను ఆమె ముఖంలోకి చూశాను. ఒక కోడలు నీళ్లు తాగడానికి ఆ నోరే కావలసి వచ్చింది. ఇంకో తల్లి పచ్చి కుట్లతో నడిచిపోవడానికీ ఆ నోరే కారణం. తగ్గించుకొమ్మని ఏళ్ల తరబడి మేము లెక్క తీసుకున్నది ఏ నోటిని?

“నాకు తెలియదు సరోజా” అన్నాను.

“మీకే తెలీకపోతే ఎట్లక్కా?” అంది. ఆ గొంతులో కోపం లేదు. దిక్కుతోచనితనం ఉంది. నాకూ అదే ఉంది.

ఇంతలో వార్డు ఆయా తలుపు దగ్గర నిలబడింది. “బాలింత పిల్ల పిలస్తాండాదమ్మా. ఆ నోరున్న నర్సమ్మను ఇంగోసారి రమ్మను, మా యత్త మళ్లా చెంబు దాచేసింది అంటాండాది.”

సరోజ నావైపు చూసింది. “పో” అన్నాను.

“అరవాల్నా? మెల్లగా చెప్పాల్నా?”

“నీళ్లు తాగించు. ఎట్లా తాగిస్తావో నీ ఇష్టం.”

ఆమె వెళ్లింది. నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. అరుపు వినపడలేదు. మెల్లని మాటలూ వినపడలేదు. అటువైపు నుంచి ఏ చప్పుడూ లేదు. ఇక ఆగలేక లేచి వార్డు గుమ్మం దాకా పోయాను. అత్త మంచం అంచున కూర్చుని, ఒక చేత్తో కోడలి తల ఎత్తిపట్టి, ఇంకో చేత్తో చెంబు పెదాలకు ఆనించి ఉంది. పిల్ల గుటకలు వేస్తోంది. అత్త చెంపల మీద తడి. సరోజ పక్క మంచం దగ్గర ఇంకెవరికో కట్టు సరిచేస్తోంది, ఇటు చూడటం కూడా లేదు.

దగ్గరికి పోయి, “ఏమన్నావు ఆమెను?” అని గుసగుసగా అడిగాను.

“అడగద్దులే అక్కా” అంది సరోజ.

అడగలేదు.